తీపి వేరు, కేలరీ వేరు: ఎలుకల ప్రయోగాల వార్తల గురించి

సంపాదకుల వారికి నమస్కారం.

గత నెల రెండో ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో “చక్కెర లేని తీపి తిన్నా ఊబకాయమే: ఎలుకల్లో రుజువు” అనే శీర్షికతో వచ్చిన కథనాన్ని గురించి ఈ లేఖ రాస్తున్నాను. నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళకు పైగా జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఆ కథనంలో అబద్ధం ఉందని నేను అనడం లేదు. ఒక ముఖ్యమైన తేడాను చెప్పకుండా వదిలేయడం వల్ల అది చదివినవారిని పొరపాటు దారి పట్టించిందని, అలా పట్టించడం నేను కళ్ళారా చూశానని మనవి చేస్తున్నాను.

హబ్సిగూడలో మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడకు డెబ్భై ఏళ్ళు దాటాయి, పదకొండేళ్ళుగా మధుమేహం ఉంది. రోజుకు మూడుసార్లు టీ తాగే అలవాటు మానలేక, వైద్యుడి అనుమతితో చక్కెరకు బదులు తీపి మాత్రలు వేసుకుంటూ వచ్చారు. మీ కథనం చదివిన మర్నాడే ఆ మాత్రల డబ్బా పారేసి, “ఎటూ లావెక్కేదే అయితే అసలు చక్కెరే నయం కదా” అనుకుని కప్పుకు రెండు చెంచాల చొప్పున చక్కెర కలుపుకోవడం మొదలుపెట్టారు. రోజుకు ఆరు చెంచాలంటే పాతిక గ్రాములకు తక్కువ కాదు, నూరు కేలరీలకు తక్కువ కాదు. రెండు వారాలకు ఇంట్లో గ్లూకోమీటరు అంకెలు పెరగడం చూసి వాళ్ళబ్బాయి కంగారుపడి నన్ను పిలిచాడు. నేను కారణం అడిగితే ఆవిడ ఫ్రిజ్ తలుపుకు అంటించిన మీ పత్రిక కత్తిరింపు చూపించి, “టీచరమ్మగారూ, ఎలుకలకే అంత అయితే మనకెంత అవుతుందండీ?” అన్నారు. ఆవిడ ప్రశ్న సమంజసమైనదే. దానికి జవాబు మాత్రం ఆ కథనంలో లేదు.

లేకపోవడానికి కారణం, కథనం మొదటి నుంచి చివరి దాకా “తీపి” అనే మాటను ఒకే వస్తువుకు పేరన్నట్టుగా వాడటం. నోటికి తగిలే తీపి ఒకటి, కడుపులో దిగి శక్తిగా మారే చక్కెర మరొకటి. మన వంటింట్లో ఈ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి కాబట్టి వాటిని విడదీసి ఆలోచించే అవసరం మనకు రాలేదు. ప్రయోగశాలలో జంతువుల తిండిని పరిశీలించేవారు మాత్రం గత ఎనభై ఏళ్ళలో ఎక్కువ శ్రమ పడింది ఈ రెండింటినీ విడదీయడానికే. అందువల్ల ఎలుకల మీద తీపి ప్రయోగం అనే వార్త ఏది వచ్చినా, అది నాలుకను పరీక్షించిందా, పేగును పరీక్షించిందా, రెండింటి పొత్తును పరీక్షించిందా అన్నది తెలియకుండా దాని అర్థం తెలియదు.

కేలరీల వైపు నుంచి మొదలుపెడతాను. 1947లో ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎలుకల దాణాలో పోషకం లేని పదార్థాలను కలిపి పలుచన చేశాడు. బరువులో చూస్తే ఎలుకలు అంతకు ముందు కన్నా ఎక్కువ దాణా తిన్నాయి. అందులోని కేలరీల లెక్క చూస్తే దాదాపు పూర్వమంతే. పలుచన మరీ ఎక్కువైతే ఆ సర్దుబాటు కుదరదు. కుదిరినప్పుడు కూడా ఒక్క పూటలో కాదు, కొన్ని రోజులకు కుదురుతుంది. మనం వాడుకలో కేలరీ అంటున్నది నిజానికి కిలోకేలరీ అనీ, గ్రాము చక్కెరకు అవి నాలుగు, గ్రాము కొవ్వుకు తొమ్మిది అనీ మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. ఎలుకకు ఆ లెక్క ఎవరూ నేర్పలేదు. అయినా దాని శరీరం ఆ లెక్కను స్థూలంగా వేసుకుంటుందని ఆ ప్రయోగం చూపింది.

కానీ ఆ లెక్క ఎక్కడ జరుగుతోంది? పలుచన చేసిన దాణా రుచి మారుతుంది, నోట్లో తగిలే తీరూ మారుతుంది. కాబట్టి నాలుకే ఏదో గుర్తుపట్టి ఎక్కువ తినమని చెప్పి ఉండవచ్చునన్న అనుమానం మిగిలే ఉంది. ఆ అనుమానాన్ని తీర్చిన ప్రయోగాన్ని నేను ప్రతి ఏడూ తరగతిలో చెప్పేదాన్ని, ఎందుకంటే ఆలోచనలో అంత నిక్కచ్చి అయిన ప్రయోగాలు తక్కువ. 1962లో అలన్ ఎప్‌స్టీన్, ఫిలిప్ టైటెల్‌బామ్ అనే ఇద్దరు, ఎలుక ముక్కు ద్వారా సన్నని గొట్టాన్ని కడుపులోకి దింపి, ఎలుక ఒక మీట నొక్కినప్పుడల్లా కొద్దిగా ద్రవాహారం నేరుగా కడుపులోకి చేరే ఏర్పాటు చేశారు. ఆ ఎలుక ఆహారాన్ని రుచి చూడదు, వాసన చూడదు, నమలదు, మింగదు. అయినా వారాల తరబడి తనకు తానే మీట నొక్కుకుంటూ తగినంత ఆహారం తీసుకుని బరువు నిలుపుకుంది. ఆహారాన్ని పలుచన చేస్తే మీటను ఎక్కువసార్లు నొక్కింది. నాలుకకు ఏ పనీ లేకుండానే ఎంత తినాలో తెలుసుకునే శక్తి శరీరంలో ఉందని అప్పుడు స్థిరపడింది.

ఇక రుచి వైపు. 1950లో ఫ్రెడ్ షెఫీల్డ్, థార్న్‌టన్ రోబీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆకలితో ఉన్న ఎలుకలకు బహుమతిగా శాకరిన్ నీళ్ళు పెట్టారు. శాకరిన్ 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడ్డ తీపి పదార్థం. శరీరానికి దానివల్ల కేలరీలేమీ రావు. ఆకలిని తీర్చనిదే ఏదీ బహుమతి కాజాలదని అప్పట్లో బలంగా నమ్మేవారు. ఎలుకలు మాత్రం ఆకలి తీర్చని ఆ తీపి కోసం దారులు నేర్చుకున్నాయి, రోజుల తరబడి పరుగెత్తాయి. అంటే తీపికి తనదంటూ ఒక బలం ఉంది, దానికి కేలరీల పూచీ అక్కర్లేదు.

జీర్ణవ్యవస్థ పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన పావ్‌లోవ్ కుక్కలతో చేసిన ప్రయోగం ఇంకా పాతది. కుక్క మింగిన ఆహారం కడుపుకు చేరకుండా అన్నవాహిక దగ్గరే బయటకు వచ్చేస్తుంది. కుక్క తింటూనే ఉంటుంది, కడుపులో జఠరరసం ఊరుతూనే ఉంటుంది. 1974లో న్యూయార్క్ పరిశోధకులు ఇదే పద్ధతిని ఎలుకల్లో, కడుపుకు అమర్చిన చిన్న గొట్టం తెరిచి ఉంచి చేసి చూశారు. తాగింది తాగినట్టే బయటకు పోతుంటే ఎలుకలు ఆపకుండా తాగుతూనే ఉన్నాయి. గొట్టం మూసి ఆహారం లోపల నిలిచినప్పుడు మామూలుగా ఆపేశాయి. తినడం మొదలుపెట్టించేదీ కొనసాగించేదీ చాలావరకు నోరు, ఆపించేది కడుపూ పేగులూ అన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు నాకు తెలియదు.

రుచినీ కేలరీనీ ఇలా విడదీసి చూసిన తరువాత, అవి కలిసినప్పుడు ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. మీ కథనానికి ఆధారమైన ప్రయోగం కూడా ఈ ప్రశ్నకు సంబంధించినదే. 1967లో ఇలియట్ వాలెన్‌స్టీన్ బృందం నూటికి మూడు పాళ్ళ గ్లూకోజు నీళ్ళలో కొద్దిపాటి శాకరిన్ కలిపి ఎలుకలకు పెట్టింది. ఆ మిశ్రమాన్ని అవి విడివిడిగా గ్లూకోజు నీళ్ళను గానీ శాకరిన్ నీళ్ళను గానీ తాగే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తాగాయి. పలుచని గ్లూకోజులో తీపి చాలదు, శాకరిన్‌లో చేదు అంతర్లీనంగా ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీర్చింది.

బ్రూక్లిన్‌లో పనిచేసిన ఆంథొనీ స్క్లఫానీ 1988లో మరొక మెట్టు ఎక్కాడు. రెండు వేర్వేరు రుచుల నీళ్ళు. ఒకటి తాగినప్పుడు ఎలుక కడుపులోకి నేరుగా పిండిపదార్థం చేరుతుంది, రెండోది తాగినప్పుడు ఉత్త నీరు చేరుతుంది. కొద్ది రోజుల్లో ఎలుకలు మొదటి రుచికి అలవాటుపడి రెండోదాన్ని దాదాపు వదిలేశాయి. కడుపులోకి చేరిన పిండికి నోటిలో రుచి లేదు. అయినా నోటికి తగిలిన రుచిని ఇష్టమైనదిగా మార్చింది ఆ పిండే. మనకు చిన్ననాటి నుంచి కొన్ని వంటకాల మీద మమకారం ఎందుకు పాతుకుపోతుందో నాకు కొంతైనా అర్థమైంది ఈ ప్రయోగం చదివాకే.

2008లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇవాన్ డి అరాఉహో, అతని సహచరులు తీపి రుచి తెలియకుండా జన్యువు తొలగించిన చిట్టెలుకలను తీసుకున్నారు. వాటికి చక్కెర నీళ్ళూ మంచినీళ్ళూ నోటికి ఒకటే. అయినా కొన్నాళ్ళకు చక్కెర నీళ్ళు దొరికే గొట్టం వైపే వెళ్ళాయి, వాటి మెదడులో బహుమతి దొరికినప్పుడు వెలువడే డోపమైన్ అనే రసాయనం కూడా పెరిగింది. కేలరీలు లేని సుక్రలోజ్ పెట్టినప్పుడు ఆ మొగ్గు రాలేదు. 2020లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జూకర్ బృందం దీని దారిని కనిపెట్టింది. ఒక సీసాలో చక్కెర, మరొక సీసాలో అంతే తియ్యగా ఉండే కేలరీలు లేని తీపి పదార్థం పెడితే, మామూలు చిట్టెలుకలు మొదట రెండింటినీ సమానంగా తాగి, రెండు రోజులు గడిచేసరికి దాదాపు చక్కెర సీసానే తాగసాగాయి. పేగులో గ్లూకోజు తగిలినట్టు వేగస్ నాడి మెదడుకు కబురు చేరవేస్తుంది. ఆ నాడీమార్గాన్ని ఆపితే చక్కెర మీద మొగ్గు పుట్టదు. కృత్రిమ తీపి నాలుకను ఒప్పిస్తుంది గానీ పేగును ఒప్పించదన్న మాట. చక్కెర మానినవారు ఎందుకు ఇబ్బంది పడతారో ఆలోచించడానికి ఇది ఒక సూచన ఇస్తుంది, అయితే చిట్టెలుకల్లో తేలింది మనుషుల్లోనూ అంతేనని దీనినిబట్టి చెప్పలేం. మీ కథనంలో దీని ప్రస్తావన లేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇప్పుడు మీ కథనం దగ్గరికి వస్తాను. “పెరుగు”, “శాకరిన్”, “ఎలుకలు” అన్న మూడు మాటలను బట్టి అది 2008లో పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి సూసన్ స్విథర్స్, టెర్రీ డేవిడ్‌సన్ ప్రచురించిన ప్రయోగానికి సంబంధించినదని నేను గుర్తుపట్టాను. అందులో కొన్ని ఎలుకలకు గ్లూకోజు కలిపిన పెరుగు, మరికొన్నింటికి శాకరిన్ కలిపిన పెరుగు పెట్టారు. మామూలు దాణా అందరికీ కావలసినంత ఉంది. శాకరిన్ పెరుగు తిన్నవి ఎక్కువ తిని, ఎక్కువ బరువు, ఎక్కువ కొవ్వు పెంచుకున్నాయి. ఇంతవరకు మీరు రాసింది సరైనదే. కానీ శాకరిన్‌లో కేలరీలే లేవు కదా, మరి ఆ కొవ్వు ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నకు జవాబు రాయలేదు. అది అవి తిన్న మిగతా తిండి నుంచే రావాలి.

ఆ శాస్త్రజ్ఞులు ఇచ్చిన వివరణ నేర్చుకోవడానికి సంబంధించినది. పావ్‌లోవ్ గంట మోగించి ఆహారం పెడితే కుక్కకు గంట శబ్దానికే లాలాజలం ఊరింది. గంట మోగించి ఆహారం పెట్టకపోతే కొన్నాళ్ళకు ఆ ఊరడం తగ్గిపోతుంది. అలాగే తీపి తగిలితే కేలరీలు వస్తాయని శరీరం జీవితంలో నేర్చుకుంటుంది, తీపి తగిలీ కేలరీలు రాని అనుభవం పదేపదే కలిగితే ఆ ఎరుక బలహీనపడి, ఎంత తినాలో అంచనా తప్పుతుంది అని వారి వాదం. ఇది ఆలోచించదగ్గ వాదం. అయితే ఇది రుచికీ కేలరీకీ ఉన్న పొత్తు చెడటం గురించిన వాదమే తప్ప, శాకరిన్ అనే రసాయనం ఒంట్లో కొవ్వు చేస్తుందన్న వాదం కాదు. మీ శీర్షిక చదివినవారెవరైనా రెండోదే అనుకుంటారు. మా కింది అంతస్తు ఆవిడా అదే అనుకున్నారు.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. అదే పెరుగు ప్రయోగాన్ని సిడ్నీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బోక్స్ బృందం మళ్ళీ చేసి 2016లో ఫలితాలు ప్రచురించింది. వారి ఎలుకల్లో బరువూ కొవ్వూ పెరిగింది గ్లూకోజు పెరుగు తిన్నవాటికి; శాకరిన్ పెరుగు తిన్నవాటికి కాదు. రెండు ప్రయోగశాలల్లో ఏది సరైనదో తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎలుకల వయసు, జాతి, పెరుగు ఇచ్చిన రోజుల వరుస, దాణాలోని కొవ్వు వంటివి మారినప్పుడు ఫలితం మారడం ఈ రంగంలో కొత్త కాదు. కానీ ఒక వైపు ఫలితానికి “రుజువు” అనే మాట తగిలించి, మరొక వైపు ఫలితాన్ని పాఠకుడికి కనిపించకుండా ఉంచడం మీ పత్రిక స్థాయికి తగదు. “రుజువు” అనే మాట మా తరగతి గదుల్లో కూడా మేము చాలా పొదుపుగా వాడేవాళ్ళం.

ఎలుకల ప్రయోగంలో ఎంత చిన్న విషయం ఫలితాన్ని తలకిందులు చేస్తుందో నాకు స్వానుభవం ఉంది. విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఆరు ఎలుకలకు రెండేసి సీసాలు, ఒకదానిలో మంచినీళ్ళు, ఒకదానిలో శాకరిన్ నీళ్ళు పెట్టి, రోజూ సీసాలు తూచి నాలుగు రోజుల లెక్కలు మా గురువుగారికి చూపించాను. ఆయన కాగితం వైపు చూడకుండానే “సీసాల చోటు మార్చావా అమ్మా?” అని అడిగారు. నేను మార్చలేదు. తీపి సీసా ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంది, ఆ ఎలుకల సొంత పంజరంలో నీటి సీసా కూడా ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండేది. చోటు మార్చి చూస్తే ఆరింటిలో రెండు ఎలుకలు తీపిని కాదు, ఎడమ వైపును ఇష్టపడుతున్నాయని తేలింది. సీసా గొట్టం కొస దగ్గర కారిపోయే చుక్కలు, పంజరం జాలీ కింద రాలే దాణా పొడి, కొత్త వస్తువును ముట్టడానికి ఎలుక పడే సంకోచం, ఇవన్నీ లెక్కలోకి తీసుకోకపోతే “తిన్నది” అని రాసుకున్న అంకెలో సగం తిననిదే ఉండవచ్చు. ఎలుక రాత్రిపూట తినే జీవి. పగలు గంటసేపు చూసి రాసిన లెక్క దాని రోజు తిండిని చెప్పదు.

“పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అని మనవాళ్ళు అన్నది మనుషుల గురించే అయినా జంతుజాతుల విషయంలో అది అక్షరాలా నిజం. పిల్లికి తీపి తెలియదు. తీపిని గుర్తించే గ్రాహకంలో సగభాగాన్ని తయారుచేసే జన్యువు పిల్లుల్లో పనిచేయకుండా పోయిందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ పరిశోధకులు చూపించారు. పులికీ చీతాకూ కూడా అంతే. మనకు ఎంతో తియ్యగా ఉండే ఆస్పర్టేమ్ ఎలుకకూ చిట్టెలుకకూ తీపిగా అనిపించదు, ఎందుకంటే వాటి గ్రాహకం ఆకారం వేరు. సుక్రలోజ్‌ను కొన్ని ఎలుకలు ఇష్టపడతాయి, కొన్ని తప్పించుకుంటాయి. చిట్టెలుకల్లోనే ఒక జాతి శాకరిన్‌ను ఎగబడి తాగితే మరొక జాతి పట్టించుకోదు. మా పొరుగావిడ వాడే మాత్రల్లో ఉన్నది శాకరిన్ కాదు, ఆస్పర్టేమ్. ఏ ఎలుకకు ఏ తీపి ఇచ్చారో చెప్పకుండా “చక్కెర లేని తీపి” అని అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్ల ఆవిడ వాడని మందు ఫలితం ఆవిడకు వర్తించిపోయింది.

ఆ కథనానికి మూడు వారాల ముందు అదే పేజీలో “కొకైన్ కన్నా తీపి మత్తు ఎక్కువ” అన్న చిన్న వార్త వేశారు. 2007లో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి వచ్చిన ఆ ప్రయోగంలో నూటికి 94 ఎలుకలు కొకైన్ మీటను వదిలి శాకరిన్ మీటను ఎంచుకున్న మాట నిజమే. అది రుచి బలం గురించి చెప్పిన ప్రయోగం, అందులో కేలరీల ప్రమేయమే లేదు. చక్కెర తినేవారంతా మత్తుకు బానిసలని దాని నుంచి తేల్చడానికి వీల్లేదు.

“ఆకలి రుచెరుగదు” అన్న సామెతను కూడా మీ కథన రచయిత ఉటంకించారు. దాని గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో మన దేశస్థుడి పేరు చిరస్థాయిగా ఉంది. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి బాల్ కృష్ణ ఆనంద్ ఎలుకల మెదడు అడుగున ఉండే హైపోథలామస్‌లో పక్కవైపు ఉన్న చిన్న భాగాన్ని దెబ్బతీస్తే అవి ఎదురుగా ఆహారం ఉన్నా తినడం మానేస్తాయని కనిపెట్టారు. తరువాత ఆయన ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరధర్మ శాస్త్ర విభాగాన్ని నిర్మించారు. ఆ హైపోథలామస్‌లోనే మధ్య భాగం దెబ్బతిన్న ఎలుకలు విపరీతంగా తిని లావెక్కుతాయి. అవి ఆకలికి తట్టుకోలేక ఏదైనా తింటాయని ఎవరైనా అనుకుంటారు. కానీ దాణాలో కాస్త కొయినా చేదు కలిపితే, మామూలు ఎలుకలు తినే ఆ దాణాను అవి ముట్టవని 1955లో టైటెల్‌బామ్ చూపించాడు. అంత తిండిపోతు ఎలుక కూడా రుచిని బాగా ఎరుగును. ఆకలి, తిండి, రుచి అన్న మూడూ ఒకే తాడు పేనిన మూడు పోగులు కావని ఆ ఎలుకలే చెప్పాయి.

ఈ విషయాలు తెలుసుకోవడానికి మీ విలేఖరి విదేశాలకు వెళ్ళనక్కర్లేదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన 1958లో మన ఊరికి తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి వాటి ఎదుగుదలను పోల్చిన మెక్‌కారిసన్ ప్రయోగాలు ప్రపంచ ప్రసిద్ధం. మామూలు దాణా మీదే అతిగా తిని ఊబకాయం పొందే ఒక ఎలుకల జాతి కూడా ఆ సంస్థ జంతుశాలలోనే బయటపడింది. తీపి పెట్టకపోయినా, అంగట్లో దొరికే చిరుతిళ్ళు పెట్టకపోయినా, జన్యువులో వచ్చిన మార్పు వల్లనే అది లావెక్కుతుంది. అలాంటి ఎలుక మీదా, మామూలు ఎలుక మీదా, తీపి తెలియకుండా చేసిన చిట్టెలుక మీదా జరిగిన ప్రయోగాలను “ఎలుకల్లో” అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదని ఆ సంస్థలో ఎవరిని అడిగినా ఓపికగా వివరించి ఉండేవారు.

ఇంకొక్క సంగతి, ఆవిడ ఆరోగ్యానికి నేరుగా సంబంధించినది. బరువు తగ్గించుకోవడానికి కృత్రిమ తీపి పదార్థాలను ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సూచించింది. ఆ సూచన అప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదని అందులోనే స్పష్టంగా రాసింది. మీ కథనం చివర ఆ సూచనను పేర్కొన్నారు, ఆ మినహాయింపును పేర్కొనలేదు. స్థలం చాలకపోయి ఉండవచ్చు. అయితే ఆ పేజీలో సగం ఆక్రమించిన లావుపాటి ఎలుక బొమ్మను కాస్త చిన్నది చేసినా ఆ ఒక్క వాక్యం పట్టేది.

మిమ్మల్ని కోరేది ఎక్కువేమీ లేదు. జంతువుల తిండి మీద జరిగిన ప్రయోగాన్ని వార్తగా వేసేటప్పుడు ఏ జంతువు, దానిలో ఏ జాతి, ఏ తీపి, నోటి ద్వారానా నేరుగా కడుపులోకా, పక్కన పోలికకు ఏం పెట్టారు, ఎన్నాళ్ళు అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాయండి. అదే ప్రయోగాన్ని ఇతరులు చేసి వేరే ఫలితం పొంది ఉంటే ఆ మాట కూడా రాయండి. శీర్షిక పెట్టేవారు కథనం రాసినవారిని ఒకసారి అడిగి పెట్టేలా చూడండి. మీ పత్రిక చదివి మందులూ తిండీ మార్చుకునేవాళ్ళు ఈ ఊళ్ళో ఒకరిద్దరు కాదు, వేలల్లో ఉంటారు. వాళ్ళు మీ మాటను వైద్యుడి మాటతో సమానంగా నమ్ముతారు.

వైద్యుడి దగ్గరికి నేనే వెంటబెట్టుకుని వెళ్ళాక మా పొరుగావిడ మళ్ళీ పాత పద్ధతికి వచ్చారు. టీ మూడు కప్పుల నుంచి రెండుకు తగ్గించుకుంటానని కూడా మాట ఇచ్చారు. మీ కత్తిరింపు మాత్రం ఇంకా ఆ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. తీసేద్దామా అక్కయ్యగారూ అని అడిగితే, “ఉండనీయండి, పత్రికవాళ్ళు సవరణ వేస్తే దాని పక్కనే అంటిస్తాను” అన్నారు. ఆ సవరణ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వస్తుందని ఎదురుచూస్తున్నాము.

భవదీయురాలు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
హబ్సిగూడ, హైదరాబాద్.